నూకన్న బాబాయి వందనాల లాగ్‌బుక్

మా నూకన్న బాబాయి దేవుడికి ఉత్త నోటితో వందనాలు చెప్పడు. ముందు లాగ్‌బుక్కులో టైము వేస్తాడు. తర్వాత గాలి ఎటునుంచి వీస్తోందో రాస్తాడు. సముద్రం ఎలా ఉందో రాస్తాడు, తాను సముద్రం కనపడని వంటింట్లో కూర్చుని ఉన్నా సరే. ఆ తర్వాత ఏ మేలుకి వందనాలో రాసి, చివరి గడిలో ఎవరిచేతనైనా సాక్షి సంతకం పెట్టించి, అప్పుడు కళ్లు మూసుకుని "స్తోత్రం ప్రభువా" అంటాడు. సంతకం దొరికేదాకా దేవుడైనా ఆగాల్సిందే.

మా డాలీగంజ్‌లో ఆ పుస్తకంలో సంతకం పెట్టనివాళ్లు లేరు. గ్యాస్ బండి డ్రైవరు తమిళంలో పెట్టాడు. చేపలమ్మే ఆయన బెంగాలీలో పెట్టాడు. పోస్ట్‌మాన్ హిందీలో పెట్టి కింద తేదీ ముద్ర కూడా కొట్టాడు. ఇన్ని భాషల్లో ఉంటే దేవుడు ఎలా చదువుకుంటాడయ్యా అని మా అమ్మ అడిగితే, పోర్ట్ బ్లెయిర్‌లో కాపరం ఉన్నాక దేవుడైనా నాలుగు భాషలు నేర్చుకోవలసిందే అన్నాడు.

బాబాయి అంటున్నాను గానీ ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటాయన. బాప్తిస్మమప్పుడు దానియేలు అని పేరు పెట్టారుట. ఆ పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూస్తాడు. హార్బర్లో టగ్గు నడిపే సరంగుగా ముప్పై ఒక్క ఏళ్లు చేసి రిటైరయ్యాడు. టగ్గంటే చూడ్డానికి చిన్న పడవే. ఇంజన్ ఆగిపోయిన పెద్ద పెద్ద ఓడలకి తాడు కట్టి జెట్టీ దాకా లాక్కొచ్చేది మాత్రం అదే. మా నాన్న వెంకటాచలం గారు అదే హార్బర్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేశారు. బాబాయి నీళ్ల మీద రాసిన లాగ్‌ని, అంటే పడవ రోజువారీ చిట్టాని, ఒడ్డున కూర్చుని ఎర్రసిరాతో దిద్దడం నాన్న ఉద్యోగం. దిద్దడం నాన్నకి ఉద్యోగంతో మొదలైన జబ్బు కాదు, రిటైరయ్యాక పోనూ లేదు. ఇంటికొచ్చిన పెళ్లి శుభలేఖల్లో కూడా తప్పులు దిద్ది, ఇచ్చినవాళ్లకే తిరిగి పంపేవారు. అందుకే మాకు శుభలేఖలు రావడం తగ్గిపోయింది.

లాగ్‌బుక్కు సంగతి బాబాయి బీపీతో మొదలైంది. రిటైరైన ఏడాది ఆయనకి బీపీ ఉందని తేలింది. అదే నెలలో వాళ్ల చర్చికి ఒకావిడ వచ్చి, రోజూ అయిదు మేలులు గుర్తుచేసుకుని రాసుకుంటే మనసు కుదుటపడుతుంది, బీపీ తగ్గుతుంది, విశ్వాసం పెరుగుతుంది అని చెప్పింది. అందరికీ పూలబొమ్మల డైరీలు పంచారు. తొమ్మిది రోజుల్లో చాలా డైరీలు పిల్లల బొమ్మల పుస్తకాలైపోయాయి. బాబాయి మాత్రం డైరీ ముట్టుకోలేదు. "నాకు జన్మలో ఒకటే రాత వచ్చు, అది లాగ్ రాత" అని, పొడుగాటి నోటుబుక్కు కొని స్కేలుతో గీతలు కొట్టుకున్నాడు. ఆ గీతల్లోనే ఈ రోజుకీ రాస్తున్నాడు.

ఎలా రాస్తాడో ఒకటి రెండు చెప్తాను. "0615. గాలి నైరుతి. సముద్రం మోస్తరు. కరెంటు పోయింది. ఫోను చార్జింగు అయ్యాకే పోయింది. వందనాలు." ఇంకోటి. "0740. గాలి నైరుతి. సముద్రం ప్రశాంతం. గవరమ్మ కోప్పడింది. పది నిమిషాలే. వందనాలు." గవరమ్మ పిన్ని ఆయన భార్య. దాని పక్కన సాక్షి సంతకం కూడా పిన్నిదే. పది కాదు, పావుగంట అని ఆవిడ అక్కడే రాసింది.

ఒకసారి వానాకాలంలో మా గేటు ముందు జారిపడ్డాడు. బట్టలకంటిన బురదతోనే లేచి, పుస్తకం పట్టుకుని మా అమ్మ దగ్గరికొచ్చాడు. ఏం రాశాడా అని అమ్మ చూస్తే, "పడ్డాను, ఎవరూ చూడలేదు, వందనాలు" అని ఉంది. ఎవరూ చూడలేదని నేను సాక్షి సంతకం ఎలా పెట్టను నూకన్నా, నేను కిటికీలోంచి చూశాను కదా అంది అమ్మ. బాబాయి అక్కడికక్కడే ఎవరూ అన్నది కొట్టేసి, "పద్మావతి గారు ఒక్కరే చూశారు, ఆవిడ మంచి మనిషి" అని రాశాడు. అమ్మ ఆ మాట తలచుకుని నెల్లాళ్లు నవ్వింది.

చర్చిలో ఆదివారం సాక్ష్యం చెప్పే వేళ బాబాయి లేచాడంటే పాస్టరు గారు వాచీ తీసి బల్ల మీద పెట్టేవారట. రెండు నిమిషాలే అని షరతు. ఆ రెండు నిమిషాలూ గాలికీ సముద్రానికీ సరిపోయేవి. మేలు దగ్గరికొచ్చేసరికి గంట కొట్టేసేవారు. మూడో ఏటికి ఆ సంఘంలో వారం వారం గాలి ఎటునుంచి వీచిందో తెలియని మనిషి లేడు.

మొన్న ఫిబ్రవరిలో మా అమ్మ పోయింది. పొయ్యి మీద పాలు పెట్టి, పొంగేలోగా వస్తానని పక్క గదిలోకి వెళ్లి, మరి రాలేదు.

నాన్న వరండా పక్క గదిలో కుర్చీలో కూర్చున్నారు. అంతే, ఇక లేవలేదు. అన్నం పెడితే రెండు ముద్దలు తినేవారు. అడిగితే ఊ అనేవారు, లేదంటే ఉహూ. పేపరు తెచ్చి ఒళ్లో పెట్టాను. మొదటి పేజీలోనే మూడు తప్పులున్నాయి. చూసి పక్కన పెట్టేశారు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. రెండు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గారు. డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, ఒంట్లో ఏమీ లేదు శ్రీలక్ష్మీ, ఆయనకి లేవాలని లేదు, ఇలాగే కూర్చుంటే వానాకాలం దాటడం కష్టం అని చెప్పేశాడు. నేను బడిలో సైన్సు టీచర్ని. పొద్దున వంట, తర్వాత బడి, సాయంత్రం నాన్న. అమ్మ కోసం ఏడవడానికి సెలవు పెట్టుకునే తీరిక కూడా దొరకలేదు.

అమ్మ పోయిన పద్నాలుగో రోజున బాబాయి మా గేటు దగ్గరికి పుస్తకం పట్టుకుని వచ్చాడు. సాక్షి సంతకానికి సార్‌ని పిలుస్తావా అమ్మాయీ అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మా ఇంట్లో అమ్మ పోయింది బాబాయ్. ఈ ఇంట్లోంచి నీకు వందనాలకి సంతకం కావాలా? ఇంకెప్పుడూ ఆ పుస్తకం పట్టుకుని మా గుమ్మం ఎక్కకు" అన్నాను.

బాబాయి పుస్తకం మూసి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన ఏదైనా అని ఉంటే బాగుండేది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. కానీ వెళ్లి క్షమించమని అడగడానికి మొహం చెల్లలేదు.

జూన్ నెలలో ఒక రోజు బడికి వానవల్ల ముందే సెలవిచ్చారు. గొడుగు మడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికి లోపలినుంచి ఒక గొంతు వినిపించింది. నాలుగు నెలలుగా నేను వినని గొంతు.

"జూన్ నెలలో ఈశాన్యం గాలేమిటయ్యా, నూకన్నా?"

నేను అక్కడే ఆగిపోయాను. లోపల బాబాయి స్టూలు మీద కూర్చున్నాడు. నాన్న ఒళ్లో లాగ్‌బుక్కు ఉంది. తర్వాత తెలిసింది, నేను గెంటేసిన మర్నాటినుంచీ నేను బడిలో ఉండే వేళ చూసుకుని రోజూ వస్తున్నాడట. నాన్న మాట్లాడకుండా సంతకం పెట్టేవారట, ఈయన మాట్లాడకుండా వెళ్లిపోయేవాడట. ఆ రోజు మాత్రం ఈశాన్యం దగ్గర నాన్న ఆగిపోయారు.

"ఈశాన్యమే సార్. నా చెంపకి తగిలింది కదా" అన్నాడు బాబాయి.

"నీ చెంప ఎటు తిప్పావో. జూన్‌లో నైరుతి తప్ప ఇంకోటి వస్తుందా?"

"మరి నాకలాగే అనిపించింది. కావాలంటే మీరే చూడండి సార్."

నాన్న లేచారు. నాలుగు నెలల తర్వాత, కుర్చీ చేతులు పట్టుకుని, మోకాళ్లు కటకటమంటుంటే లేచి వరండాలోకి వెళ్లారు. పక్కింటి డాబా మీద ఆరేసిన లుంగీ ఎటు ఎగురుతోందో చూశారు. లోపలికొచ్చి నన్ను చూసి, నా ఎర్ర పెన్ను ఎక్కడ పెట్టావమ్మా అని అడిగారు. ఆ పెన్ను కోసం ఇల్లంతా తిరగేశాను.

అక్కడినుంచి బాబాయి లాగ్‌లో తప్పుల వాన మొదలైంది. ఒక రోజు జంగ్లీఘాట్ దగ్గర మధ్యాహ్నం రెండింటికి సముద్రం పోటు మీద ఉందని రాశాడు. ఆటుగా ఉండాల్సిన వేళ పోటేమిటని నాన్నకి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆటో పిలిపించుకుని జెట్టీకి వెళ్లి, మెట్లు ఎన్ని బయటపడ్డాయో లెక్కపెట్టుకుని వచ్చారు. ఆ పూట రెండు గరిటెల పప్పు ఎక్కువ వేసుకున్నారు. ఇంకోసారి చర్చిలో ఆదివారం గంట ఎనిమిదిసార్లు కొట్టారని రాశాడు. ఎప్పుడూ పన్నెండు కదా అని నాన్న పట్టు. తర్వాతి ఆదివారం చొక్కా ఇస్త్రీ చేయించుకుని చర్చి గేటు బయట నిలబడి గంటలు లెక్కపెట్టారు. పాస్టరు గారు చూసి, కుర్చీ వేయించి టీ తెప్పించారట. పన్నెండే అని నిరూపించి విజయగర్వంతో ఇంటికొచ్చారు. బాబాయి తప్పు ఒప్పుకుని, సార్ దిద్దారు, వందనాలు అని రాసుకున్నాడు.

నేను ఇదంతా చూస్తూ సంతోషించాను, అంతకంటే ఎక్కువగా సిగ్గుపడ్డాను. బాబాయి మాత్రం గేటు దగ్గర జరిగిన మాట ఎన్నడూ ఎత్తలేదు. నేను ఇంట్లో ఉన్నా ఇప్పుడు దర్జాగా నాలుగింటికి వచ్చేవాడు. నేను టీ ఇస్తే టైముతో సహా రాసుకునేవాడు.

అక్టోబరులో బాబాయి, పిన్ని డిగ్లీపూర్ వెళ్లారు. వాళ్ల కూతురు పింకీకి అక్కడ కాలీపూర్‌లో ఇల్లు, పురుడు దగ్గరపడింది. నాన్న మళ్లీ కుర్చీకి అతుక్కుంటారేమోనని భయపడ్డాను. కానీ రోజూ నాలుగింటికి ఫోను వచ్చేది. బాబాయి లాగ్ చదివేవాడు, నాన్న వినేవారు. సంతకాలన్నీ బాకీ ఉన్నాయని ఇద్దరికీ బెంగ. పూజా సెలవులు ఇచ్చిన రోజు సాయంత్రం ఫోనులో బాబాయి గొంతు నాకూ వినిపించింది.

"నిన్న 1710. గాలి లేదు. సముద్రం ప్రశాంతం. కాలీపూర్ ఒడ్డున నిలబడి సూర్యుడు సముద్రంలోకి దిగిపోవడం చూశాను. వందనాలు."

నాన్న మొహం ఎర్రబడింది. "కాలీపూర్ తూర్పు ఒడ్డయ్యా. అక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ, సముద్రంలోకి ఎలా దిగుతాడు?"

"ఏమో సార్, నేను కళ్లారా చూశాను. ఇంకులో రాసీశాను."

"కొట్టెయ్."

"సాక్షి రాకుండా ఎలా కొట్టెత్తాను సార్?"

నాన్న ఫోను పెట్టేసి, బట్టలు సర్దు శ్రీలక్ష్మీ అన్నారు. డిగ్లీపూర్ అంటే పక్కవీధి కాదు, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి చేరతాం, మీకు నడుం నిలవదు అన్నాను. సూర్యుడు తూర్పున అస్తమించినట్టు ఇంకులో ఉంటే నాకు ఇక్కడ కూడా నడుం నిలవదు అన్నారు.

తెల్లవారకముందే బస్సెక్కాం. జిర్కాటాంగ్‌లో, అడవి దాటే బళ్లన్నీ కలిసి వెళ్లే కాన్వాయ్ కోసం ఆగాం. మిడిల్ స్ట్రెయిట్‌లో బస్సుతో సహా పడవెక్కి దాటాం. నాన్న కిటికీ పక్క సీటు తీసుకుని, కిలోమీటరు రాళ్ల మీది అంకెలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసుకున్నారు. రంగత్‌లో అడిగి మరీ రెండో ప్లేటు పూరీ తెప్పించుకున్నారు. నేను మొహం అటు తిప్పుకుని నా ప్లేటు ఖాళీ చేశాను.

పింకీ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకుండా నాన్న బాబాయిని వెంటబెట్టుకుని సముద్రపొడ్డుకి నడిచారు. నేను వంటింట్లో గవరమ్మ పిన్ని దగ్గర కూర్చున్నాను. ఇన్ని నెలలుగా గొంతులో ఉన్న మాట అప్పుడు బయటపడింది. ఆ రోజు గేటు దగ్గర బాబాయిని అలా అనకుండా ఉండాల్సింది పిన్నీ, ఆయన వయసు మళ్లి గాలి కూడా మర్చిపోతున్నా మా నాన్న కోసం రోజూ వచ్చాడు అన్నాను.

పిన్ని చేపలు తోముతూ తల ఎత్తి నన్ను వింతగా చూసింది. "ముప్పై ఏళ్లు టగ్గు నడిపినోడికి గాలి ఎటునుంచి వత్తాదో తెలవదేటి తల్లీ?"

నాకు అర్థం కావడానికి అరనిమిషం పట్టింది. పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని, చెప్పుకోవడానికి సిగ్గు.

పిన్ని చేతులు కడుక్కుని, బాబాయి పెట్టెలోంచి అట్ట ఊడిన మొదటి లాగ్‌బుక్కు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. సగం పుస్తకం తిప్పాను. గడులు నాలుగే ఉన్నాయి. టైము, గాలి, సముద్రం, వందనాలు. సాక్షి గడి లేనే లేదు. అలా తిప్పుకుంటూ వెళ్తే ఒక పేజీలో అకస్మాత్తుగా అయిదో గీత వచ్చింది, వంకరగా, చేత్తో గీసింది. అక్కడినుంచి వరసగా ఒకే సాక్షి, సత్యారావు. మా వీధి చివర ఉంటాడు. యాక్సిడెంట్‌లో కాలు తీసేశాక ఏడాదిపాటు గది తలుపు తియ్యలేదని అందరికీ తెలుసు. ఆరు నెలల సంతకాల తర్వాత ఇలా ఉంది. "0905. గాలి ఈశాన్యం. సముద్రం ప్రశాంతం. సత్యారావు చంకకర్రల మీద సొంతంగా చర్చికి వచ్చాడు. తాడు వదిలాం. ఓడ సొంత ఇంజన్‌తో వెళ్లింది. వందనాలు."

మరి గ్యాస్ డ్రైవరు, పోస్ట్‌మాన్, మా అమ్మ, వీళ్లందరి సంతకాలు ఎందుకు అని అడిగాను.

"ఒక్కడి కాడికే ఎల్తే ఆడికి తెలిసిపోదేటి?" అంది పిన్ని, మళ్లీ చేపల దగ్గరికి వెళ్తూ.

ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆ మనిషిని నేను గుమ్మం ఎక్కొద్దన్నాను. మా అమ్మ ఉండి ఉంటే నన్ను చెంప మీద ఒకటి కొట్టి ఉండేది.

నేను ఒడ్డుకి పరుగెత్తేసరికి సూర్యుడు మా వెనక కొండల్లోకి దిగుతున్నాడు. నాన్న చెయ్యి చాపి చూపిస్తున్నారు. బాబాయి నోరు తెరుచుకుని, జన్మలో సూర్యుణ్ణి చూడనివాడిలా చూస్తున్నాడు. ఎంత నటుడో అనుకున్నాను. తర్వాత ఇసకలో కూర్చుని పాత రాత కొట్టేసి కొత్తది రాశాడు. నాన్న పైకి చదివారు.

"1705. గాలి తూర్పు. సముద్రం ప్రశాంతం. వెంకటాచలం గారు పద్నాలుగు గంటలు బస్సులో వచ్చారు. తాడు వదిలాం. వందనాలు."

నాన్న పెన్ను మూత తీశారు. "పద్నాలుగు కాదు, పన్నెండున్నర. ఇంతకీ ఏ తాడు?"

"ఓడ తాడు సార్."

"ఏ ఓడ? లాగ్‌లో వివరం ఉండాలి నూకన్నా. ఇన్నేళ్లు ఏం నేర్చుకున్నావు?"

బాబాయి తల గోక్కుని, "పెద్ద ఓడ. పాతది. ఇంజన్ మంచిదే" అని రాశాడు. నాన్న తృప్తిగా సంతకం పెట్టారు. నేను బాబాయి పక్కన ఇసకలో కూర్చుని, ఆ రోజు గేటు దగ్గర తప్పు చేశాను బాబాయ్ అన్నాను. ఆయన పుస్తకం మీద ఇసక దులుపుకుంటూ, ఆ రోజు లాగ్‌లో అదేమీ రాసుకోలేదమ్మాయీ, రాయనిది జరగనట్టే అన్నాడు.

తిరుగు బస్సులో నాన్నకి నిజం చెప్పాలా వద్దా అని నేను తర్జనభర్జన పడుతుంటే ఆయనే గొంతు తగ్గించి మొదలుపెట్టారు.

"అమ్మాయ్, నూకన్నని ఒక కంట కనిపెట్టుకుని ఉండాలి. ముప్పై ఏళ్లలో వాడి లాగ్‌లో గాలి ఒక్కసారి కూడా తప్పలేదు. ఇప్పుడు పాపం సూర్యుడే తప్పిపోతున్నాడు. అసలు లాగ్‌బుక్కులో సాక్షి గడే ఉండదు. మొదటి రోజే చూశాను."

"మరి ఎందుకు సంతకం పెట్టారు నాన్నా?"

"ఎండలో పడి వచ్చాడు కదా. కాదంటే ఏం బాగుంటుంది? నేను రోజూ చూసుకోకపోతే వాణ్ణి ఎవరు చూసుకుంటారు? మీ అమ్మ ఉంటే కూడా అదే చెప్పేది." అమ్మ పోయాక అమ్మ మాట నాన్న నోట రావడం అదే మొదటిసారి. నేను నిజం చెప్పలేదు. ఒకరినొకరు మోస్తున్నామనుకుంటున్న ఇద్దరు ముసలివాళ్ల మధ్య నాకేం పని?

పింకీకి ఆడపిల్ల పుట్టాక బాబాయి, పిన్ని తిరిగొచ్చారు. వచ్చిన మర్నాడు నాలుగింటికి బాబాయి మా ఇంటికొచ్చాడు. నాన్న జెట్టీ దాకా షికారుకి వెళ్లారు, ఇప్పుడు రోజూ వెళ్తున్నారు. సార్ లేరు బాబాయ్ అన్నాను. సార్ కోసం కాదన్నాడు. పుస్తకం నా ముందు పెట్టి, సాక్షి నువ్వే అన్నాడు.

నాకేమైంది, నేను బాగానే ఉన్నాను కదా అన్నాను.

"బాగానే ఉన్నావు తల్లీ. మీ అమ్మ పోయి తొమ్మిది నెలలైంది. నువ్వు ఒక్కపూట సెలవు పెట్టగా నేను చూడలేదు" అని స్టూలు లాక్కుని కూర్చుని, కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

నేను పుస్తకం దగ్గరికి లాక్కున్నాను. కళ్లలో నీళ్లు నిండి అక్షరాలు అలుక్కుపోతున్నాయి, అయినా చదివాను.

"నిన్న సాయంత్రం. గాలి ఈశాన్యం. సముద్రం ప్రశాంతం. అమావాస్య. చందమామ నిండుగా ఉన్నాడు. చూడముచ్చటగా ఉన్నాడు. వందనాలు."

అది ఎర అని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. అయినా సైన్సు టీచర్ని, ఏం చెయ్యను? కళ్లు తుడుచుకుని నాన్న ఎర్ర పెన్ను కోసం లేచాను.